పుట్టినరోజుకు అబ్బాయి వేయించిన ఎల్ఈడీ లైట్లు తీసేయాలా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆమె విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తారు. భర్త ఉద్యోగం విశాఖలో, నెలకు రెండుసార్లు వస్తారు. ఇంట్లో మామగారు, బీటెక్ రెండో సంవత్సరం చదివే అబ్బాయి ఉంటారు. మామగారు 2006లో కొన్న శాంత్రో కారునే ఆమె నడుపుతారు. ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. కాలేజీ నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. నెలలో రెండు ఆదివారాలు తెనాలి దగ్గర పుట్టింటికి వెళ్లి, చీకటి పడ్డాక నందివెలుగు రోడ్డు మీదుగా తిరిగొస్తారు. "రాత్రిపూట రోడ్డు సరిగా ఆనడం లేదురా" అని ఆమె రెండు మూడుసార్లు అనడం విని, అబ్బాయి దాచుకున్న డబ్బుతో ఆమె పుట్టినరోజుకు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు అన్నిటికీ ఎల్ఈడీలు వేయించాడు. ముందు బంపర్‌కి రెండు పగటి లైట్ల పట్టీలు కూడా పెట్టించాడు.

మొదటి వారం కారు ముందు పట్టపగల్లా ఉందని ఆమె మురిసిపోయారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇండికేటర్లు రెండువైపులా టకటకా రెట్టింపు వేగంతో కొట్టుకోవడం మొదలుపెట్టాయి. షాపువాళ్లు కుడివైపుకి ఒక రెసిస్టర్ (కరెంటుని వేడిగా మార్చే చిన్న భాగం) కట్టి, ఎడమవైపుది సరుకు వచ్చాక రమ్మన్నారు. అప్పటినుంచి డిక్కీలో కుడిపక్క ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తోంది. బ్రేక్ తొక్కితే వెనక ఎడమ ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోందని పక్కింటాయన చెప్పారు. హెడ్‌లైట్ వేయగానే ఎఫ్ఎం గుర్రుమంటోంది. మూడు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోతోంది. ఎడమ హెడ్‌లైట్ లోపల చెమ్మ చేరింది. వాన పడితే రోడ్డు మీద గీతలు కూడా కనిపించడం లేదు.

"అన్నిటికంటే బాధ పెట్టింది ఇది" అంటూ ఆమె ఇంకో సంగతి రాశారు. నందివెలుగు రోడ్డులో ఎదురుగా బైక్ మీద వస్తున్న ఒక పెద్దాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మార్జిన్‌లోకి దిగి, పడబోయి ఆగారట. ఈమె కారు ఆపి దిగారు. దెబ్బ తగల్లేదు. "ఎదురొచ్చేవాడికి కళ్లు లేవనుకున్నావా తల్లీ" అని మాత్రం అన్నారట.

ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ వైరింగ్ మొత్తం మార్చాలి, 16 వేలు అవుతుందన్నాడు. ఇంకొకరు బ్యాటరీ మార్చమన్నారు. మామగారు అన్నీ పీకేసి పాత బల్బులు పెట్టించమంటున్నారు. "కొత్త కార్లన్నిటికీ ఎల్ఈడీలే వస్తున్నాయి, మన కారుకి ఎందుకు పనికిరావు?" అని అబ్బాయి అలిగి, తాతగారితో మాట్లాడటం తగ్గించేశాడు. తీసేస్తే వాడి మనసు కష్టపడుతుంది, ఉంచితే నాకు భయం, ఎవరి మాట నిజం, వాడితో ఎలా మాట్లాడాలి అని ఆమె అడిగారు.

అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుదురుగాని, ముందు ఆ డిక్కీ సంగతి చూడండి. ఈ రోజే ఆ రెసిస్టర్ తీయించండి. ఇండికేటర్లకు కట్టేవి మామూలుగా 6 ఓమ్‌లు, 50 వాట్లవి ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వచ్చే 14 వోల్టుల దగ్గర అలాంటి రెసిస్టర్ 32 వాట్ల పైచిలుకు వేడి పుట్టిస్తుంది. రేడియో రిపేరు చేసేవాళ్ల చేతిలో ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. ఇండికేటర్ వెలిగి ఆరుతూ ఉంటుంది కాబట్టి ఆ వేడి సగానికి తగ్గినా, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు వేసి ఉంచితే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద రాసి ఉండే 50 వాట్ల లెక్క, దాన్ని బాడీ లోహానికి బిగించినప్పటిది. మీ షాపువాళ్లు ప్లాస్టిక్ ట్యాగుతో వైర్లకే కట్టి వదిలేసినట్టున్నారు. అది తీసేదాకా హజార్డ్ లైట్లు వేసి కారు ఎక్కడా నిలపకండి.

ఇక చిక్కుముడి విప్పుదాం. ఇన్ని జబ్బులు ఒకేసారి కనిపించేసరికి ఎల్ఈడీలే అన్నిటికీ కారణమని మామగారు, వైరింగే కారణమని ఎలక్ట్రీషియన్ అనుకుంటున్నారు. మీరు రాసినవాటిలో కొన్ని ఎల్ఈడీలు తెచ్చినవి, కొన్ని బిగించినవాళ్ల నిర్లక్ష్యం వల్ల వచ్చినవి. ఒకటి రెండు ఎప్పటినుంచో కారులోనే ఉన్నాయి, ఇప్పుడు బయటపడ్డాయి.

ఇండికేటర్ల వేగం సంగతి తేలిక. పాత కార్లలో ఒక్కోవైపు ముందూ వెనకా 21 వాట్ల బల్బులు ఉంటాయి. ఒక బల్బు మాడిపోతే కరెంటు సగానికి పడిపోతుంది. ఆ తేడా పసిగట్టి, డ్రైవరుకి తెలియాలని ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పరికరం) వేగంగా కొట్టుకుంటుంది. రెండు మూడు వాట్లు తీసుకునే ఎల్ఈడీ పెడితే బల్బు మాడిందనే అది అనుకుంటుంది. అంటే ఫ్లాషర్ తన పని తాను సరిగానే చేస్తోంది. దానికి మూడు దారులున్నాయి. రెసిస్టర్ దారి చూశారు. అది సరిగా బిగించినా, ఎల్ఈడీ ఆదా చేసిన కరెంటునంతా వేడిగా తగలబెట్టడమే. ఎల్ఈడీలకు సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించడం రెండోది. పిన్నుల వరస మీ కారు ఫ్లాషర్‌తో సరిపోవాలి, నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి. అది వేస్తే వేగం కుదురుతుంది గానీ, రేపు నిజంగా బల్బు పోతే మీకు తెలియదు. మూడోది పాత 21 వాట్ల బల్బులే మళ్లీ పెట్టడం. నేనైతే ఇండికేటర్ల వరకు ఇదే చేస్తాను. అవి రోజులో వెలిగేది కాసేపే, అక్కడ ఎల్ఈడీతో ఒరిగేది ఏమీ లేదు.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలగడం మాత్రం వేరే కథ. ఎడమవైపు వెనక లైటు ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే కనెక్షన్, పాడైంది. బాడీకి బిగించిన చోట చిలుమో తుప్పో పట్టి ఉంటుంది. బ్రేక్ లైటు కరెంటుకి సరైన తిరుగు దారి దొరక్క పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా వెళ్తోంది. పాత బల్బు ఫిలమెంట్ ఎర్రబడటానికి చాలా కరెంటు కావాలి కాబట్టి ఇన్నాళ్లూ అది కనపడలేదు. ఎల్ఈడీకి ఆవగింజంత కరెంటు చాలు. ఆ బోల్టు విప్పి, ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే సరి. అరగంట పని. వైరింగ్ మొత్తం మార్చమన్నవాళ్లు ఈ అరగంట పని చేసి చూశారా అని అడగండి.

బ్యాటరీ దిగిపోవడానికి నా అనుమానం బంపర్ మీది పట్టీల మీదే. వాటిని ఇగ్నిషన్ నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుని ఉంటారు. కారు ఆపాక లైటు ఆరినట్టు కనిపించినా, వాటి చిన్న కంట్రోల్ డబ్బా కరెంటు తాగుతూనే ఉంటుంది. మల్టీమీటర్‌తో తేలిపోతుంది. కారు ఆపి తాళంచెవి బయటికి తీసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని ఆంపియర్లలో పెట్టి చూడాలి. మీటర్ అలా ఉన్నంతసేపు స్టార్ట్ చేయకూడదు, లైట్లు వేయకూడదు. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. 300 ఉందనుకోండి, రోజుకి ఏడు ఆంపియర్ అవర్లు పోయినట్టు. మీ కారులాంటి చిన్న కార్లకు వేసే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఆ పట్టీల వైరు పీకి మళ్లీ చూడండి. అంకె పడిపోతే దొంగ దొరికినట్టే, కొత్త బ్యాటరీ డబ్బులు మిగిలినట్టే.

ఎఫ్ఎం గుర్రుమనడం వల్ల ప్రమాదమేమీ లేదు. ఎల్ఈడీ డ్రైవర్ సర్క్యూట్ సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ పుట్టించే రొద అది. హెడ్‌లైట్ ఎల్ఈడీలు తీస్తే అదీ పోతుంది.

ఇప్పుడు హెడ్‌లైట్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. "కొత్త కార్లకు పనికొచ్చింది మనకెందుకు పనికిరాదు" అన్న మీ అబ్బాయి ప్రశ్న మంచి ప్రశ్న, దానికి కసిరి కాకుండా విడమరిచి జవాబు చెప్పాలి.

మీ కారులో ఉండేది హెచ్4 బల్బు, 60/55 వాట్లు. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, బ్రైట్‌కి ఒకటి, డిమ్‌కి ఒకటి. పాత బల్బు ఇంట్లో ఉంటే వెలుతురులో పట్టుకుని చూడమనండి. డిమ్ ఫిలమెంట్ కింద గోరంత లోహపు దొప్ప కనిపిస్తుంది. ఆ దొప్ప వెలుగుని కిందికి పోనివ్వక, మెకానిక్‌లు డూమ్ అని పిలిచే హెడ్‌లైట్ గిన్నె పైసగానికే పంపుతుంది. గిన్నె దాన్ని రోడ్డు మీదికి వంచుతుంది. ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా పైన గీత గీసినట్టు వెలుగు ఆగిపోవడం అందువల్లే. ఇదంతా ఫిలమెంట్ గిన్నె నాభి (వెలుగుని సరిగా వంచే కేంద్ర బిందువు) దగ్గర ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటేనే జరుగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా గీత చెదిరిపోతుంది. ఎల్ఈడీ బల్బులో వెలుగు సన్నని తీగ నుంచి రాదు, పలక రెండువైపులా అతికించిన చిప్‌ల నుంచి వస్తుంది. ఆ పలక మందమే ఫిలమెంట్ కంటే ఎక్కువ. దాంతో రోడ్డు మీద పడాల్సిన వెలుగులో కొంత పైకి లేచి ఎదుటివాళ్ల మొహాన కొడుతుంది. కొత్త కార్లలో లైటు, గిన్నె, లెన్స్ మూడూ ఎల్ఈడీ కోసమే కలిపి తయారైనవి. బల్బు ఒక్కటే మార్చి ఆ ఫలితం రాబట్టలేం.

పట్టపగల్లా ఉందని మీకు అనిపించడం కూడా నిజమే, అయితే ఆ వెలుగంతా బానెట్ ముందు పది పదిహేను అడుగుల్లో పడుతోంది. దగ్గర నేల మరీ వెలిగితే కంటిపాప ముడుచుకుని, దూరం ఇంకా చీకటిగా కనిపిస్తుంది. వానలో ఆ తెల్ల వెలుగు చినుకుల మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది.

ఎడమ లైట్లో చెమ్మ ఎందుకు చేరిందో వెనక చూస్తే తెలుస్తుంది. ఎల్ఈడీ వెనక ఫ్యాను ఉంటుంది కాబట్టి పాత రబ్బరు టోపీ పట్టదు. దాన్ని కోసేసో తీసేసో ఉంటారు. పాత బల్బు వేడి గ్లాసుని పొడిగా ఉంచేది, ఎల్ఈడీ తన వేడిని వెనక్కి పంపుతుంది. ఇలాగే వదిలేస్తే లోపల వెండిలా మెరిసే పూత మచ్చలు పడి, తర్వాత ఏ బల్బు పెట్టినా వెలుగు రాదు. కొత్త రబ్బరు టోపీలు రెండూ వేయించండి.

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎల్ఈడీలు రాకముందు మీకు రోడ్డు ఎందుకు ఆనలేదు? దాదాపు ఇరవయ్యేళ్ల కారులో బ్యాటరీ నుంచి స్టీరింగ్ దగ్గరి స్విచ్‌కి, అక్కడినుంచి హెడ్‌లైట్‌కి వెళ్లే దారిలో వైర్లు కలిసే ప్రతి కప్లర్ దగ్గరా కొంత వోల్టేజీ రాలిపోతుంది. ఈ బల్బుల గుణం ఏమిటంటే, వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులుండి బల్బు దగ్గర 12 ఉంటే, మీరు మూడింట రెండు వంతుల వెలుగుతో నడుపుతున్నారన్నమాట. దీనికి తోడు ఇన్నేళ్లు ఎండలో నిలిచిన ప్లాస్టిక్ గ్లాసు పచ్చబడి ఉంటుంది. ఈ రెండు జబ్బులూ అలాగే ఉండగా, వాటిమీద ఎల్ఈడీ కప్పారు.

అందుకని ఏదీ కొనకముందు కొలవమనండి. హెడ్‌లైట్లలో పాత బల్బులు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, డిమ్ వేసి ఉంచాలి. మీటర్ ఎర్ర తీగ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల తీగ బల్బుకి కరెంటు వచ్చే పిన్ను మీద పెడితే దారిలో ఎంత రాలిపోతోందో అంకె కనిపిస్తుంది. అర వోల్టు దాటితే పని చేయించాలి. తర్వాత ఎర్ర తీగ బల్బు ఎర్త్ పిన్ను మీద, నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద. అక్కడ 0.2 దాటకూడదు. ఎల్ఈడీలు ఉండగా కొలిస్తే అవి తక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి లోపం దాక్కుంటుంది. పాత బల్బులతోనే కొలవాలి.

రాలిపోతున్నట్టు తేలితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) కిట్ వేయించుకోవచ్చు. పాత స్విచ్ రిలేని మాత్రం నడుపుతుంది, బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా లావు తీగలో నేరుగా వస్తుంది. కొన్ని కార్లలో స్విచ్ పాజిటివ్‌ని కాకుండా ఎర్త్‌ని కలుపుతుంది, కిట్ కొనేముందు అది చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. రిలే ఉంది కదా అని 100/90 వాట్ల బల్బులు అంటగట్టబోతే వద్దనండి, వాటి వేడికి హోల్డరూ గిన్నే కరుగుతాయి. పచ్చబడ్డ గ్లాసుని 800, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో వరసగా తడిపి రుద్ది, పాలిష్ చేసి, ఎండని ఆపే పూత వేయించాలి. పూత మానేస్తే మళ్లీ త్వరలోనే పచ్చబడుతుంది.

ఇవన్నీ కాదు, ఎల్ఈడీలే ఉంచుతానంటారా? అప్పుడు కనీసం చిప్‌లు ఎడమకీ కుడికీ చూసేలా, గడియారంలో మూడు, తొమ్మిది అంకెల వైపు తిప్పించాలి. ఎదుటివాళ్ల కళ్లలో కొట్టడం కొంత తగ్గుతుంది, పోదు. మధ్యలో డివైడర్ ఉన్న విజయవాడ హైవే మీద మీకు ఇబ్బంది తెలియకపోవచ్చు. నందివెలుగు రోడ్డులో ఆ పెద్దాయనకి జరిగింది ఇంకొకరికి జరుగుతుంది. లెన్స్‌తో వెలుగుని కేంద్రీకరించే ప్రొజెక్టర్ లైట్లు మొత్తంగా మార్పించడం ఇంకో దారి. ఖర్చు ఎక్కువ, పైగా అదీ కంపెనీ ఇచ్చినదానికి వేరే మార్పే.

ఇక్కడ మామగారి భయం అర్థం చేసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి రూ. 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని ఉంది. యజమాని అంటే ఆర్సీలో పేరున్న ఆయనే. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. 2006 కారుకి 2021లో ఒకసారి, 2026లో ఇంకోసారి బండిని చూపించాలి. అప్పుడు లైట్లూ చూస్తారు.

అయితే అన్నీ పీకేయమనడం కూడా నాకు సమ్మతం కాదు. కారు లోపలి లైటుకి, డిక్కీ లైటుకి ఎల్ఈడీ చక్కగా సరిపోతుంది. బ్రేక్ లైట్ల విషయంలో మీ అబ్బాయి వాదనలో బలం ఉంది. ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు అయిదో వంతు సెకను పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సమయంలోనే వెనక బండి నాలుగు మీటర్లకు పైగా వచ్చేస్తుంది. ఉంచాలనుకుంటే ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్ఈడీయే ఉండాలి, తెల్లది వెలిసిపోయిన గులాబీ రంగులో కనిపిస్తుంది. రాత్రి టెయిల్ లైటు వెలుగుతుండగా బ్రేక్ తొక్కితే తేడా ముప్పై అడుగుల దూరానికి స్పష్టంగా తెలియాలి. చౌక ఎల్ఈడీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. తేడా తెలియకపోతే అవీ తీసేయండి. రెన్యూవల్‌కి వెళ్లేముందు మాత్రం అన్నిచోట్లా పాత బల్బులే పెట్టించండి, మామగారికి టెన్షన్ ఉండదు.

అన్నీ అయ్యాక హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. టైర్లలో గాలి సరిగా ఉంచి, చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపి, మీరు సీట్లో కూర్చుని డిమ్ వేయండి. గోడ మీద వెలుగు పై అంచు హెడ్‌లైట్ మధ్య భాగం ఎత్తుకంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందగా ఉండాలి. ఎడమవైపు మాత్రం అంచు కొద్దిగా పైకి ఎక్కుతుంది, మార్జిన్‌లో నడిచేవాళ్లు కనపడటం కోసం.

అబ్బాయితో ఎలా మాట్లాడాలని అడిగారు. "నీ లైట్లు తీసేస్తున్నాం" అని మొదలుపెట్టకండి. ఎల్ఈడీలు తీయకముందే ఒక రాత్రి వాడిని ఖాళీ రోడ్డుకి తీసుకెళ్లండి. వంద అడుగుల దూరంలో, బైక్ మీద కూర్చున్న మనిషి ఎత్తులో కారుకి ఎదురుగా కూర్చోబెట్టి డిమ్ వేయండి. ఆ పెద్దాయన చూసింది వాడు చూస్తాడు. తర్వాత మీటర్ కొనిచ్చి, నేను పైన చెప్పిన అంకెలు వాడినే కొలవమనండి, తాతగారిని పక్కన కూర్చుని కాగితం మీద రాసుకోమనండి. 2006 నుంచి ఆ కారు ఎక్కడెక్కడ ఏ రిపేరుకు వచ్చిందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. రిలే, పాలిష్ అయ్యాక అదే రోడ్డుకి, అదే దూరానికి ముగ్గురూ మళ్లీ వెళ్లండి. ఈసారి స్టీరింగ్ వెనక అబ్బాయిని కూర్చోబెట్టి, ఎదురుగా మీరు నిలబడి చూడండి.